అత్త అడిగిన సంచి

డెంగ్యూ కాలంలో మా బ్లడ్ బ్యాంకు గోడ మీద రాత దానం, నా నోట మాట కాదనడం. చిన్నప్పుడు లెక్కలు రాక తిట్లు తిన్నదాన్ని. ఇప్పుడు ప్లేట్‌లెట్ల లెక్క పడిపోయిందని ఊరంతా నన్నే నిలదీస్తుంది.

ఆ వారం మా మేనత్త వచ్చింది. ఆమె కూతురు పై అంతస్తు వార్డులో జ్వరంతో ఉంది. నెత్తురు ఇవ్వడానికి తన ఊరు తుడియలూరు నుంచి వ్యాను నిండా బంధువులను తెచ్చింది. అందరూ తలంటుకుని, విభూతి పెట్టుకుని, మంచినీళ్ళయినా ముట్టకుండా వచ్చారు.

"దానం కదా అమ్మణీ. ఒక్కపొద్దు ఉండామి."

ఖాళీ కడుపుతో నెత్తురిస్తే కళ్ళు తిరుగుతాయి. ముందు ఇడ్లీలు తిని రమ్మని అందరినీ క్యాంటీనుకు తరిమాను. అత్త మాత్రం కదల్లేదు.

"వీళ్ళ నెత్తురు పరీక్షలయ్యి రేపటికి గాని రాదంట. ఉండే ఆ ఒక్క ప్లేట్‌లెట్ల సంచి మన పిల్లకి ఎత్తిపెట్టు."

"మన పిల్లకి ఎక్కడా నెత్తురు కారలేదత్తా. ఈ లెక్కకి ఎక్కించే పని లేదు, నీళ్ళు బాగా తాపమన్నారు డాక్టరు. పక్క వార్డులో ఒకాయనకి చిగుళ్ళ నుంచి ఆగకుండా కారతా ఉండాది."

"సొంత అత్తకే లేదనే నోరు. అచ్చం మీ నాయనదే."

మా నాన్న ఆమెకు తమ్ముడు. ఆ తిట్టులో సగం ముద్దు.

సంచి పక్క వార్డుకే పంపాను. పంపాక నా ధైర్యం కూడా దానితోపాటే వెళ్ళిపోయింది. వీలు దొరికినప్పుడల్లా పైకి వెళ్ళి, దుప్పటి సర్దే నెపంతో మరదలి చేతుల మీద, చర్మం కింద నెత్తురు చిమ్మే ఎర్రచుక్కలు లేచాయేమోనని చూశాను. అత్త పట్టేసింది.

"నీకూ బయమా అమ్మణీ?"

"ఆమా అత్తా, బయమే."

ఆమె బెంచీ మీద జరిగి చోటిచ్చింది. చేతిలోని నీళ్ళ లోటా నాకందించింది. "నా చెయ్యి నొస్తా ఉండాది. కొంచేపు నువ్వు తాపు."

మరునాటి పొద్దున లెక్క కాస్త పైకి వచ్చింది. "ఇంక నీళ్ళు నా వల్ల కాదు, కారంగా ఏమన్నా పెట్టండి" అని మరదలు మా ఇద్దరినీ కసిరింది. అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"పక్క వార్డాయనకి నెత్తురు నిలిచిందా?"

"నిలిచిందత్తా."

"సరి," అంది. అని బెంచీ మీదే, నా భుజానికి తల ఆన్చి నిద్రపోయింది.