దీఘాలో చేపలు తిననివాళ్లం

మా ఆవిడ పుట్టి పెరిగింది నిజామాబాద్‌లో. ఆమె అంతవరకూ సముద్రం చూడలేదు. అందుకే కోల్‌కతా వెళ్లినప్పుడు సముద్రం ఒడ్డునున్న దీఘాలో ఒక చవక హోటల్ వెతికాను. హౌరాలో దీఘా రైలెక్కి, హోటల్‌కి ఫోన్ చేసి, గదిలోంచి సముద్రం కనిపిస్తుందా అని హిందీలో అడుగుతున్నాను.

పక్క సీట్లో, మాతో అప్పటికే తెలుగులో మాట కలిపిన పెద్దావిడ, హౌరా పక్కనే లిలువాలో ఉంటుందట, ఫోన్ కోసం చెయ్యి చాపింది.

"సముద్రం ఎక్కడికి పోద్ది బాబూ? అడగాల్సింది అది కాదు. ఇలాగియ్యి."

"దాదా" అంటూ మొదలుపెట్టి, బెంగాలీలో చాలాసేపు వాదించింది. అద్దె బేరమాడుతోందనుకుని మేం సంబరపడ్డాం.

"ఒప్పుకున్నాడు," అంది చివరికి. "బజార్లో చేపలు కొనిస్తే ఆవపిండి పెట్టి వండుతాడంట."

"గది సంగతేమన్నాడు?"

"అదడగనేదు."

మా ఆవిడ మెల్లగా చెప్పింది. "మేం చేపలు తినమమ్మా."

పెద్దావిడ మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "మరి దీఘా ఎందుకెల్తన్నారు?"

జవాబు కోసం ఆగకుండా మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి గొంతు తగ్గించి, ఒంట్లో బాగాలేనివాళ్ల గురించి చెప్తున్నట్టు మాట్లాడింది. అవతలి మనిషి కూడా జాలిపడినట్టున్నాడు. మాకు సముద్రం వైపు గది ఇచ్చాడు.