ఎండాకాలం స్వెటర్లు

చేవెళ్ల దగ్గర ఒక సర్కారు బడిలో నేను లెక్కల పంతులుని. మావన్నీ రేకుల గదులు. ఆ ఏడు ఎండలు మార్చిలోనే మొదలయ్యాయి. ఒంటిపూట బడులు పెట్టారు గానీ, పదో తరగతికి పరీక్షల ముందు మధ్యాహ్నం క్లాసులు తప్పవు కదా. ఆ రేకుల కింద పిల్లల సంగతి దేవుడెరుగు, నాకే రెండు రెళ్ళు నాలుగో కాదో అనుమానం వచ్చేది.

ఒకరోజు ఒకమ్మాయి క్లాసులోనే కళ్ళు తిరిగి పడిపోయింది. వాళ్ళమ్మ పక్కనే పూల షెడ్డులో జెర్బెరా పూలు కట్టలు కడుతుంది. మర్నాడు వాళ్ళ నాన్న వచ్చి నా ముందే కూతురితో అన్నాడు.

"గీ ఎండల ఏం సదువుతవు బిడ్డా? లెక్కలల్ల తప్పితే ఇగ మీ అవ్వతోటి పూలకాడికే పో."

ఆ పిల్ల నా వైపు చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎండ మీదో ఆయన మీదో తెలియలేదు.

ఈ సంగతి విని పూల షెడ్డు ఆసామి వచ్చాడు. "పూలకు ఏసీ పెట్టిన, పిల్లలకు వద్దంటనా సారూ? నా కోల్డ్ రూముల కూసోబెట్టుండ్రి. కని చల్లదనం మాత్రం తగ్గియ్య, పూలు ఖరాబైతయి."

అట్లా మా పిల్లలు మండుటెండలో స్వెటర్లు, మంకీ క్యాపులు వేసుకుని చదువుకు బయల్దేరారు. దారిలో ఒక ముసలవ్వ, "అయ్యో, అందరికి ఒక్కపారే చలిజ్వరమొచ్చిందా?" అని బుగ్గలు నొక్కుకుంది. లోపల పూల బకెట్ల మధ్య బోర్డు ఆనించి, కారుతున్న ముక్కు తుడుచుకుంటూ త్రికోణమితి చెప్పాను. మధ్యమధ్యలో బయటికి పోయి ఎండలో చలి కాచుకునేవాళ్ళం. ఆ అమ్మాయి మాత్రం వణుకుతూనే లెక్కలన్నీ పట్టేసింది.

లెక్కల పరీక్షనాడు స్వెటర్‌తోనే వచ్చింది.

"గిదేందే?" అన్నాను.

"ఇది ఏసుకుంటెనే యాదికొస్తున్నయి సార్. తీస్తే ఒక్కటి గుర్తుంటలేదు."

గేటు దగ్గర తనిఖీ చేసే మేడమ్ అంత ఎండలో స్వెటర్ చూసి, చిట్టీలు దాచిందనుకుని చేతులు, జేబులు తడిమింది. ఏమీ దొరక్కపోయినా విప్పించి పక్కన పెట్టేసింది. అమ్మాయి వెనక్కి తిరిగి నన్ను చూసింది. గేటు బయట నేను చేయగలిగిందేముంది? సోడా బండి దగ్గర నిలబడి గేటు వైపే చూస్తూ ఉండిపోయాను.

పరీక్ష అయ్యాక చెమటతో తడిసి ముద్దై బయటికొచ్చింది.

"రాసినవా?"

"స్వెటర్ గుంజుకున్నరు సార్. ఇగ పూలకాడికే అనుకున్న. భయానికి గజగజ వణికిన. వణుకు రాంగనే కోల్డ్ రూముల కూసున్నట్టైంది, అన్ని యాదికొచ్చినయి."

పాసైంది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మా గదుల మీద అవే రేకులు. మొన్న ఎండలు ముదరగానే బడికి వచ్చి, ఉతికి మడతపెట్టిన ఆ స్వెటర్ నా చేతిలో పెట్టింది.

"ఈపారి పదోతరగతోళ్లల్ల ఎవలకన్న ఇయ్యుండ్రి సార్."

కాదనకుండా తీసుకున్నాను.