నాయినతో బ్యాంకాక్: ఎవరేమిచ్చినా తాగొద్దన్నాను

మోత్కూరు నుంచి ఉప్పల్‌కు మొదటి బస్సు తెల్లవారి ఐదుంబావుకు. నేనూ మా నాయిన లింగయ్యా నాలుగున్నరకే బస్టాండులో ఉన్నాం. నాయిన భుజాన గొంగడి ఉంది. విమానంలో చలి పెడుతుందని ఎవరో చెప్పారట, ఇంట్లో పెట్టి రమ్మంటే వినలేదు.

నాయినకు డెబ్బై రెండేళ్లు. యాభై ఏళ్లు గొర్ల మంద తోలాడు. కోతలైపోతే హుజూర్‌నగర్ దిక్కు కృష్ణ ఒడ్డున ఎరువు కోసం రైతుల మళ్లలో మంద పెట్టేవాడు, ఎండాకాలం అమ్రాబాద్ అడవి అంచుకు పోయేవాడు. నిరుడు మోకాళ్లు మొరాయిస్తే మంద అమ్మేశాడు. ఆ రోజు ఒక్కటే అడిగాడు.

“ఇన్నేండ్లు ఇమానాన్ని కిందికెళ్లి చూసిన. ఒక్కసారి దాంట్లకెళ్లి కిందికి చూడాలె కొడుకా.”

బ్యాంకాక్‌కు వీసా అక్కర్లేదు, హైదరాబాద్ నుంచి నేరుగా విమానముంది, అందుకే అది ఎంచుకున్నాను. ఊళ్లో మాత్రం ఎవరూ నమ్మలేదు. చాయ్ హోటల్లో ఒకాయన కన్ను కొట్టి మరీ అడిగాడు: “నాయిన్ని తోల్కొని బ్యాంకాక్ పోతున్నవా? గట్ల పోయేటోడు ఎవడన్న ఉంటడా?”

నా సంగతి కూడా చెప్పాలి. నాకు మోత్కూరులో జిరాక్సు, ఆన్‌లైన్ పనుల దుకాణం ఉంది. పదేళ్లుగా నా కౌంటరు ముందు ఏడ్చేవాళ్లను చూస్తున్నాను. ఓటీపీ చెప్పినవాళ్లు, లాటరీ తగిలిందంటే నమ్మినవాళ్లు, బ్యాంకు నుంచి ఫోన్ అంటే కార్డు వెనుక నంబరు చదివినవాళ్లు. అందుకే తెలియని నంబరు నుంచి ఫోనొస్తే నా వేలు ఎర్ర బటను మీదికే పోతుంది. అనుమానం పెనుభూతం అంటుంది మా ఆవిడ. అననీ. ఇన్నేళ్లలో నాకెవడూ టోపీ పెట్టలేదు.

నాయిన నాకు పూర్తిగా ఉల్టా. మంద వెంట తిరిగే మనిషికి ఏ ఊరి వాకిట్లో నిలబడినా చెంబెడు నీళ్లు, ఇంత అంబలి దొరికేవి. పేరు తెలియని ఇళ్లలో తిన్నాడు, ముఖం తెలియని వాళ్లకు గొర్రె పాలు పోశాడు. ఇలాంటి మనిషిని విదేశానికి తీసుకుపోతే ఏమవుతుందో నాకు తెలుసు. కాబట్టి బస్సెక్కగానే నాలుగు షరతులు పెట్టాను. నడుముకు కట్టిన మా ఇద్దరి పాస్‌పోర్టుల సంచి ఎవరికీ ఇవ్వొద్దు. నేను లేకుండా ఎవరి బండీ ఎక్కొద్దు. ఎవరేమిచ్చినా తినొద్దు, తాగొద్దు, మత్తుమందు కలుపుతారు. తప్పిపోతే జేబులో నేను పెట్టే హోటలు కార్డు చూపించాలి.

ఉప్పల్ వచ్చేదాకా నాలుగుసార్లు అప్పజెప్పించుకున్నాను. నాయిన బడిపిల్లాడిలా చెప్పి, చివరికి అడిగాడు: “గంత దొంగల దేశమైతే మనమెందుకు పోతున్నం రా?”

ఎనిమిదిన్నరకు శంషాబాద్. విమానం పదకొండుంబావుకు. వరుసలో మా వెనుక జడ్చర్ల ఆయనొకడు, విత్తనాల వ్యాపారి, నాలుగోసారి పోతున్నాడట. తనంతట తనే మాట కలిపాడు. “గుడి ఇయ్యాల బందున్నదని ఎవడన్న అంటె నమ్మకుర్రి. ఆటోల కూసుండవెట్టి రంగురాళ్ల దుకాణానికి కొంచవోతరు. టాక్సీ ఎక్కితె ముందుగాల మీటరెయ్యమనుర్రి.” మంచి మాటలే. కానీ ఉత్త పుణ్యానికి ఎందుకు చెబుతున్నాడో అర్థం కాలేదు. ఏ హోటల్లో దిగుతున్నారని ఆయన అడిగితే, ఇంకా అనుకోలేదని అబద్ధం చెప్పాను.

కిటికీ సీటు నాయినకిచ్చాను. విమానం లేచాక మూడున్నర గంటల్లో ఆయన ఒక్కసారి కూడా తల ఇటు తిప్పలేదు. “మబ్బులు కడిగిన గొర్ల లెక్కనే ఉన్నయి” అన్నాడొకసారి. అంతే.

వాళ్ల లెక్కన సాయంత్రం నాలుగుంబావుకు దిగాం. మనకంటే గంటన్నర ముందు. బయటికి రాగానే టై కట్టుకున్న ఒకడు టాక్సీ, టాక్సీ అంటూ సూట్‌కేసు పట్టుకోబోయాడు. నేను గదమాయించాను. పోయేవాళ్లు గుర్తుంచుకోండి, మీటరు టాక్సీల వరుస కింది అంతస్తులో ఉంటుంది. అక్కడ యంత్రం నంబరు చీటీ ఇస్తుంది, ఆ నంబరు బండే ఎక్కాలి. సిమ్ కార్డు కూడా అక్కడే కొన్నాను. హోటలు చేరాక హోటలు కార్డు వెనుక ఆ కొత్త నంబరు పెద్ద అంకెల్లో రాసి నాయిన జేబులో పెట్టి పిన్నీసు గుచ్చాను.

రెండో రోజు రాజుగారి కోట. గేటుకు వంద గజాల ముందు ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఎదురొచ్చి, ఇవాళ పూజ ఉంది, మధ్యాహ్నం దాకా మూసేశారు, ఈలోపు వేరే గుడి చూపిస్తా అన్నాడు. జడ్చర్ల ఆయన చెప్పినట్టే, అక్షరం పొల్లుపోలేదు. నా చెవిలో పువ్వు పెట్టడానికి చూస్తున్నావా అని తెలుగులోనే అడిగి ముందుకు నడిచాను. గేటు బార్లా తెరిచే ఉంది. నాకెంత గర్వమో చెప్పలేను.

ఆ గర్వం ఐదు నిమిషాలే. కావలివాళ్లు నా నిక్కరు చూసి ఆపారు, మోకాళ్లు కప్పుకోవాలన్నారు. ఇదీ లుంగీలు అమ్ముకునే మోసమేనని వాదించాను. వాళ్లు నోరెత్తకుండా పక్కన ఉన్న బోర్డు చూపించారు. నాయిన ధోతి చూసి మాత్రం చేతులు జోడించి దారిచ్చారు. ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

మూడో రోజు సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఉదయం పడుకున్న బుద్ధుడి గుడి చూసి, పక్క సందులో కొబ్బరిబొండాల బండి దగ్గర చెరొకటి తాగాం. బండి ఆవిడకు అరవై ఉంటాయేమో. బొండం నా ముందే కొట్టించాను, స్ట్రా నాదే వాడాను. పదింబావుకు పడవల రేవుకు నడిచాం. అక్కడ పడవ నిమిషం కూడా ఆగదు. ఈల వేస్తారు, జనం దూకుతారు. నేను సంచులతో ఎక్కి వెనక్కి తిరిగేసరికి నాయిన ఇంకా రేవు మీదే ఉన్నాడు. మోకాళ్లు సహకరించలేదు. మధ్యలో అప్పటికే బారెడు నీళ్లు.

“ఆడ్నే ఉండు నాయినా! వస్తున్న!” అని అరిచాను. ఇంజను మోతలో వినబడిందో లేదో.

తర్వాతి రేవులో దిగి ఎదురు పడవ కోసం నిలబడ్డాను. అది అరగంటకు గాని రాలేదు. అందులో ఉండగా ఫోను మోగింది. తెలియని నంబరు. ఎవరో ఆడమనిషి గబగబా వాళ్ల భాషలో మాట్లాడింది. కట్ చేశాను. మళ్లీ మోగింది, మళ్లీ కట్. సిమ్ అమ్మినవాడు నా నంబరు అప్పుడే ఎవరికో అమ్మేశాడన్నమాట అనుకున్నాను. మూడోసారి మోగితే బ్లాక్ చేసి పారేశాను.

పదకొండు దాటాక రేవుకు చేరాను. నాయిన లేడు.

రేవంతా చూశాను. టికెట్ల ఆవిడను అడిగితే సందు వైపు చెయ్యి చూపించింది. ఆ మూలన ఒక ఆటోవాడు తల ఊపుతూ రమ్మని సైగ చేశాడు. అమ్మో, ఇద్దరూ కలిసి ఆడుతున్న నాటకమిది, ముసలాయన్ని వాళ్లే ఎటో పంపించారు అనుకున్నాను. ఆటోవాడి మీద గొంతు చించుకుని, వాళ్లు చూపిన సందు వదిలేసి, రెండో దిక్కున నది ఒడ్డంట పరుగెత్తాను. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. నాయినకు బీపీ ఉంది. మధ్యాహ్నం మాత్ర నా సంచిలోనే ఉంది. గుళ్లో వెతికాను, మార్కెట్లో వెతికాను, తెల్లచొక్కా వేసుకున్న ప్రతి ముసలాయన భుజం పట్టి తిప్పాను. ఒంటిగంటకు హోటలుకు ఫోన్ చేశాను, రాలేదన్నారు. అప్పుడు ఏడ్చాను. నడిరోడ్డు మీద, నలభై ఆరేళ్ల మనిషిని, బోరున ఏడ్చాను.

రెండింటికి పోలీసు బూత్ కనబడింది. అక్కడి కుర్ర ఆఫీసరు వచ్చీరాని ఇంగ్లీషులో, మీ నాన్న దగ్గర మీ నంబరు ఉందా అని అడిగాడు. ఉంది, నేనే రాసిచ్చాను అన్నాను. మరి ఫోను రాలేదా అన్నాడు.

ఫోను తీసి చూశాను. ఈ నంబరు కొని రెండు రోజులు కాలేదు. లోకంలో అది రాసున్నది ఒక్క నాయిన జేబులోనే.

ఆఫీసరు నా చేతిలోంచి ఫోను తీసుకుని బ్లాక్ చేసిన నంబరుకు కలిపాడు. అవతలి మనిషి అరుపు నాకూ వినబడింది. ఆయన నన్ను బండి మీద ఎక్కించుకుని ఐదు నిమిషాల్లో దింపాడు. టికెట్ల ఆవిడ చెయ్యి చూపించిన సందే. పొద్దున మేం బొండాలు తాగిన బండే.

నాయిన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బండి గొడుగు పీకి ఆయన మీదికి కట్టి, ఆవిడ ఎండలో నిలబడి బొండాలు కొడుతోంది. నేను దగ్గరికి పోయి ముందు ఆయన నడుము తడిమాను. పాస్‌పోర్టు సంచి ఉంది. జిప్పు తీసి, ఆవిడ చూస్తుండగానే, రెండు పాస్‌పోర్టులూ చూసుకున్నాను. ఆ తర్వాతే నాయిన ముఖం చూశాను.

పెదాలు పగిలి తెల్లబారాయి. కళ్లు తేలిపోతున్నాయి. ముందర కొట్టిన బొండాలు మూడు, మూత తీయని నీళ్ల సీసా ఒకటి వరుసగా ఉన్నాయి. ఏదీ ముట్టలేదు.

“నాయినా, నీళ్లెందుకు తాగలే?”

“నువ్వే చెప్తివి గద రా, ఎవలేమిచ్చినా తాగొద్దని. అప్పటిసంది బతిమాలుతాంది గామె. ఒక్కటి గోరెచ్చగైతె ఇంకోటి కొట్టింది. మొహం చూడలేక కిందికి చూసుకుంట కూసున్న.”

సీసా మూత తీసి తాగించాను. నా చేత్తో ఇచ్చాకే తాగాడు, గటగటా, గడ్డం మీదుగా కారుతున్నా ఆపకుండా. బీపీ మాత్ర వేశాను. కాసేపటికి మనిషి తేరుకున్నాడు. రేవు దగ్గరే ఎందుకు ఉండలేదని అప్పుడు అడిగాను. నావంక వింతగా చూశాడు.

“మందల ఒకలకొకలం తప్పిపోతె, ఆఖరుకు నీళ్లు తాగిన కాడికే తిరిగొస్తం. ఎతికేటోడు సుత ఆడికే వస్తడు. నీకు ఎరుకలేదా? అయ్యో, నువ్వు మంద ఎంబడి ఎన్నడొచ్చినవు తియ్యి, బడికి పోతివి.”

నాకు నిజంగా తెలియదు. గొల్ల ఇంట పుట్టి ఆ మాట వినలేదు. దాదాపు మూడు గంటలు బ్యాంకాక్ అంతా వెతికాను గానీ, పొద్దున నీళ్లు తాగిన చోటు ఒక్కటే వదిలేశాను.

ఆవిడకు డబ్బు ఇవ్వబోతే నా చెయ్యి విదిలించి కొట్టింది. కొబ్బరికత్తి నా ముఖం ముందు ఆడిస్తూ పెద్దగా తిట్టింది. ఆఫీసరు తర్జుమా చేయబోయి ఊరుకున్నాడు. అర్థం కాకపోవడానికి ఏముంది? మా అవ్వ ఉన్నా అవే మాటలు తిట్టేది. వంగి ఆవిడ కాళ్లకు దండం పెట్టాను.

నాలుగో రోజు మధ్యాహ్నం విమానంలో నాయిన కిటికీ వైపు కూర్చున్నాడు గానీ, ఎక్కువసేపు కళ్లు మూసుకునే ఉన్నాడు. ఎయిర్‌హోస్టెస్ నీళ్లిస్తే నన్ను చూశాడు. నేను తలూపాక తీసుకున్నాడు.

ఆ దేశం పోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదీ. మీటరు వేయించుకోండి, గుడి మూసేశారంటే గేటు దాకా పోయి చూసుకోండి, పాస్‌పోర్టు ఎక్కడా కుదువ పెట్టకండి. మోసం చేసేవాళ్లు ఉన్నారు, నాకు స్వయంగా ఒకడు ఎదురయ్యాడు. నాలుగు రోజుల్లో ఒకడు. మిగతావాళ్లను నేనే దొంగల్ని చేసుకున్నాను.

ఉప్పల్‌లో రాత్రి ఏడున్నరకు మోత్కూరు బస్సెక్కాం. ఆడవాళ్లకు టికెట్ ఎత్తేసినప్పటి నుంచి బస్సులు కిక్కిరిసి పోతున్నాయి. మాకు సీటు దొరికింది. ఘట్‌కేసర్‌లో ఒక చిన్నామె చంకలో ఏడాది పిల్లతో, చేతిలో సంచితో ఎక్కింది. నిలబడ్డవాళ్లు కూర్చున్నవాళ్ల ఒళ్లో పిల్లను పెట్టడం మన బస్సుల్లో అడిగి చేసే పని కాదు. ఆమె నాయిన భుజాన గొంగడి చూసి, “జర పట్టుకో తాతా” అంటూ పిల్లను ముందుకు చాచింది.

నాయిన చేతులు సగం దాకా లేచాయి. లేచి ఆగిపోయాయి. నావైపు తిరిగి, అందరికీ వినబడేట్టుగా అడిగాడు.

“పట్టుకోవచ్చునా కొడుకా? ఏం కాదు గద?”

“పట్టుకో నాయినా, పట్టుకో” అన్నాను. ఆలస్యమైపోయింది. ఆమె మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, పిల్లను మళ్లీ చంకలోకి లాక్కుంది. నేను లేచి సీటు ఇవ్వబోయినా కూర్చోలేదు. జనాన్ని తోసుకుంటూ డ్రైవరు వెనక్కి పోయి, పిల్లను గుండెకు అదుముకుని, మోత్కూరు దాకా నిలబడే వచ్చింది.