సంతరోజు సూది

మా డాక్టర్ గారు నాకు నోరెక్కువ అంటారు. నిజమే. మానసిక వైద్యం అనగానే మొహం తిప్పుకునే వాళ్లను ఆ నోటితోనే ఎంతమందినో లోపలికి తెచ్చి కూర్చోబెట్టాను. నేను ఖమ్మంలో నర్సు చదువు చదివే రోజుల్లో, ఈ జబ్బు వచ్చినవాళ్లను హైదరాబాద్ తీసుకుపోవడం ఒక్కటే దారి. బస్సులు మారాలి, దారిలో ఎవరూ వెక్కిరించకుండా కాచుకోవాలి, తిరుగు ప్రయాణానికి మందులు సరిపోతాయో లేదో చూసుకోవాలి. ఇప్పుడు వారానికోసారి డాక్టరే మణుగూరు దాటి మా దవాఖానాకు వస్తారు. మాత్రలూ, నెలకోసారి వేసే సూదీ ఇక్కడే దొరుకుతాయి. ఈ మార్పులో నా చెయ్యి కూడా ఉంది. గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటే అనుకోండి.

అయితే ఆ చెయ్యే ఒకసారి ఎంత పాడుపని చేసిందో కూడా చెప్పాలి.

మొదట్లో మా క్లినిక్ మంగళవారం ఉండేది. ఆ రోజే ఊళ్లో సంత. దవాఖానా గోడ అవతల కోళ్ల అరుపులు, ఎండుచేపల వాసన, మైకులో దుప్పట్ల బేరం. "నిద్ర పడుతోందా?" అని డాక్టర్ గారు అడిగితే పేషెంట్‌కు వినిపించేది కాదు. దానికి తోడు అందరూ గంపలతో, మూటలతో లోపలికి వచ్చి గది నింపేసేవారు. నాకు చిర్రెత్తుకొచ్చి, క్లినిక్‌ను గురువారానికి మార్చమని పైవాళ్లకు ఉత్తరం రాశాను. వెంటపడి మార్పించాను. కొత్త కుర్చీలు, టోకెన్లు, మాట బయటికి పోని తలుపు తెప్పించాను. మొదటి గురువారం ఇస్త్రీ కోటు వేసుకుని దర్జాగా కూర్చున్నాను.

నలభై మంది వచ్చే చోట ఏడుగురు వచ్చారు. అలవాటు పడతారులే అనుకున్నాను. రెండో గురువారం, మూడోది కూడా అంతే.

సంతలో చీపుర్లు అమ్మే ఆమె అయితే అసలు రాలేదు. అడవి లోపలి పల్లె ఆమెది. సూది తప్పితే ఎవరో పిలుస్తున్నట్టు వినిపిస్తుంది, ఆ పిలుపు వెంట వాగులోకి నడిచిపోతుంది. వైద్యం మొదలుకాక ముందు ఒక వానాకాలమంతా అన్న ఆమెను ఇంటి గుంజకు తాడుతో కట్టి ఉంచాడు. అతను కసాయివాడు కాదు, చెల్లెలు మునిగిపోతుందని భయం. సూది పడ్డాకే ఆ తాడు విప్పాడు. ఇప్పుడు సూది గడువు దాటి పదిహేను రోజులైంది. వాళ్ల ఊళ్లో ఫోన్ కలవదు.

మరుసటి మంగళవారం సంతలోకి పోయి వెతికాను. ఆమె కూర్చునే చోటు ఖాళీగా ఉంది. పక్కన గాజుల దుకాణం పెట్టే ముసలాయన మణుగూరు నుంచి వస్తాడు, సంతలో అందరికీ చాచా.

"చాచా, చీపుర్లామె వస్తలేదా?"

"మీరు దినం మార్చినంక ఒక్కసారొచ్చింది బిడ్డా. నీ గది కాడికి పోయి, తాళం చూసి వాపసొచ్చింది. గంతే, మల్ల కనిపించలే."

"గురువారం రావచ్చు గద!"

ఆయన గాజులు పేర్చడం ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "ఎట్లొస్తది? వాళ్ల ఊరికి ఆటో సంతనాడే. ఆమె సంగతి అట్లుంచు, మిగిలినోళ్లు? గురువారం ఊరు దాటితే ఏడికి పోతున్నవని అందరడుగుతరు. పిచ్చి దవాఖానాకని చెప్తరా? సంతకు పోతున్నమంటే ఎవలడుగుతరు? నీ కాడికి మూటలు మోసుకొని ఎందుకొచ్చిన్రనుకున్నవ్?"

నేను విసుక్కున్న ఆ మూటల చాటునే వాళ్లు ఇన్నాళ్లూ మందు తీసుకున్నారు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అక్కడి నుంచే డాక్టర్ గారికి ఫోన్ చేశాను. పాత మోతాదు సూదే వెయ్యమని, అది పనిచేసేదాకా మాత్రలు కూడా ఇమ్మని చెప్పారు. మందులు సంచిలో పెట్టుకుని, పల్లెలు తిరిగి మందులిచ్చే మా ఏఎన్‌ఎం స్కూటీ వెనక ఎక్కాను.

ఆమె ఇంటి ముందు నేల మీద కూర్చుని ఉంది. చీర నడుము దాకా తడిసి ఉంది. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. వెనకాల అన్న తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఇంకా కట్టలేదు. నన్ను చూసి తాడు దాచబోయి, అంతలోనే ఏడ్చేశాడు.

"ఇప్పుడే వాగుల నుంచి గుంజుకొచ్చిన మేడం. నేనేం జేయాలె?"

"నీ తప్పేం లేదు తమ్మీ. తప్పు నాది."

అతను కోయ భాషలో ఆమెకు ఏదో నచ్చజెప్పాడు. ఆమె నా వైపు చాలాసేపు చూసి తల ఊపింది. సూది వేశాను. ఆ తర్వాత కొన్ని రోజులు ఏఎన్‌ఎం రోజూ పోయి మాత్రలు మింగించి వచ్చింది. అన్న పని మానుకుని చెల్లెలి పక్కనే ఉన్నాడు.

క్లినిక్ రోజు మళ్లీ మార్చడం అంత తేలిక కాలేదు. అప్పటికే డాక్టర్ గారిని మంగళవారం ఇంకో చోట వేశారు. నేను పోట్లాడాను. చివరికి మంగళవారం నేను కూర్చునేట్టు, ఆయన వీడియోలో చూసేట్టు, కొత్తవాళ్లను మాత్రం గురువారం నేరుగా చూసేట్టు ఒప్పుకున్నారు. కాగితంలో కారణం అడిగిన చోట "ముందు మార్చమన్నది నేనే. తెలియక తప్పు చేశాను" అని రాసి సంతకం పెట్టాను. అది రాసినందుకు నా నోరేమీ తగ్గలేదు.

మొదటి మంగళవారమే గంపలు, మూటలు, కాళ్లు కట్టిన కోడిపుంజుతో సహా అందరూ దిగారు. నా కొత్త కుర్చీలు చాలలేదు.

నెల తిరిగాక ఆమె తనంతట తానే వచ్చింది. నెత్తి మీది చీపుర్ల మోపు దించి గోడకు ఆనించింది. దగ్గరికి పోయి చూస్తే, మోపు కట్టింది ఆ తాడుతోనే. వేలుపెట్టి చూపించాను.

"అన్న ఇచ్చిండు, ఇంట్ల ఉత్తగనే ఉందని," అంది. నేను ఇంకా దాన్నే చూస్తూ ఉంటే కసిరింది. "సూదెయ్యి మేడం, జల్దీ. బేరాలు పోతున్నయ్."