మొదటి అడుగు నేర్పిన మేడం

సిరిసిల్లలో మధ్యాహ్నం, నేను నూలు కండెలు చుట్టే షెడ్డుకు బయలుదేరుతుండగా ఫోన్ మోగింది. జగిత్యాలలో మేడం దగ్గర పనిచేసే ఆయమ్మ. "అన్నా, మేడం పోయింది. పొద్దుగాల చాయ్ తాగుకుంట కుర్చీలనే ఒరిగింది. మాపటి అసర్ నమాజ్ కాంగనె తీస్కపోతరట," అని ఏడ్చింది. అటునుంచి అటే బస్టాండుకు వెళ్లాను. షెడ్డుకు చెప్పాలన్న సంగతి వేములవాడ దాటాక గుర్తొచ్చింది.

మేడం ఫిజియోథెరపిస్టు. విరిగిన ఎముక అతికాక మనిషిని మళ్లీ నడిపించడం ఆమె పని. గదిలోకి ఎవరొచ్చినా ముఖం కన్నా ముందు పాదాలు చూసేవారు. తాటిచెట్టు మీద నుంచి పడిన బీర్పూర్ గీత కార్మికుడు, గల్ఫ్ నుంచి చక్రాల కుర్చీలో దిగినవాళ్లు, నాలాంటివాళ్లు, అందరం ఆ గదిలో వరుసగా కూర్చునేవాళ్లం.

మా ఊళ్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఒక్కొక్కటిగా ఆగిపోతున్న కాలంలో నేను దుబాయ్ పోయాను. కట్టుడు పనిలో పరంజా చెక్కల మీద నుంచి పడి కుడి తుంటి విరిగింది. రాడ్ వేసి ఇంటికి పంపారు. కోరుట్లలో అత్తగారింట్లో ఉన్నాం. నా భార్య బీడీలు చేస్తుంటే ఆ సంపాదనతోనే ఇల్లు గడిచేది. ఎముక అతికింది, ఇక నడవొచ్చని డాక్టరు చెప్పి రెండు నెలలైనా నేను నడవలేదు. నిలబడగలను. అడుగు వేయబోతే మాత్రం చెమటలు పట్టేవి. పాదం నేలలో పాతినట్టు ఉండేది.

మా బామ్మర్ది ఒకనాడు వాకిట్లో అననే అన్నాడు: "బావకు నడువనీకె మనసు లేదు. నడిస్తె పనికి పోవాలె గద."

ఆ మాట నిజమేనేమోనని నాకూ భయం వేసింది. మర్నాడే నా భార్య ఆటో మాట్లాడి నన్ను జగిత్యాల తీసుకెళ్లింది.

మేడం బామ్మర్ది మాటతో సహా అంతా విని, ముల్లు తిరిగే బరువు మిషన్లు రెండు తెచ్చి పక్కపక్కన పెట్టారు. "ముందుగాల నువ్వు ఎక్కు చెల్లె," అని నా భార్యను ఒక్కో మిషన్ మీద ఒక్కో కాలు పెట్టి నిలబడమన్నారు. "ఇప్పుడు కుడికాలుతోని నడువు. తమ్మీ, నువ్వు ముల్లు సూడు."

నేను చూశాను. కుడికాలు లేవడానికి ముందు కుడి ముల్లు తగ్గలేదు, ఒక్కసారి పెరిగింది! ఆ వెంటనే ఎడమ ముల్లు పైకి పోయింది. అప్పుడు గానీ కుడికాలు లేవలేదు.

"లేపాల్నంటే ముందుగాల నొక్కాలె," అన్నారు మేడం. "గా నొక్కుడుతోనే పెయ్యి బరువంత రెండో కాలు మీదికి పోతది. అందరం గిట్లనే చేస్తం. ఎవ్వలకు ఎరుక లేదు."

తర్వాత నేను ఎక్కాను. ఎంత ప్రయత్నించినా కుడి ముల్లు కదల్లేదు. విరిగిన కాలు కదా అని, దాన్ని నేలకు ఆనించీ ఆనించకుండా దాచుకుంటున్నాను.

"మనసు లేదని ఎవలన్నరు నీకు? గా కాలు మీద నమ్మకం లేదు, గంతే," అన్నారామె. నా భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంది. రెండు నెలల తర్వాత ఆ రోజు నేను కడుపునిండా తిన్నాను.

నొక్కడం నేర్చుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు మేడం నాకు ఎదురుగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. "మడిమెల మీద బరువు వెయ్యి. ఇగ పిక్కలు ఇడిసిపెట్టు. పెయ్యి ముందటికి పడనియ్యి."

"పడితె ఎట్ల మేడం?"

"పడుతవ్. నడుసుడంటేనే పడుడు. నేల తాకకముందే కాలు అడ్డమస్తది. రా."

పిక్కలు వదిలాను. ఒళ్లు ముందుకు ఒరిగింది. చచ్చాననే అనుకున్నాను. కుడికాలు దానంతటదే వెళ్లి నన్ను ఆపింది. మేడం ఒక్కడుగు వెనక్కి వేసి, "ఇంకోటి," అన్నారు.

ఆమె భర్త జెద్దాలో పనిచేసేవాడు. అతన్ని సాగనంపడానికి ఎన్నోసార్లు ఎయిర్‌పోర్టుకు వెళ్లివచ్చిన మనిషి మేడం. ఒకసారి చాయ్ తాగుతూ అన్నారు: "గేటు కాడ పోయెటోళ్ల కాళ్లే సూస్త. ముందటికి పోయేముందు ఒక్క గడియ అందరి బరువు ఎనుకకే పడుతది తమ్మీ."

నాకు ఇప్పటికీ కొంచెం కుంటు ఉంది. సాంచాల మధ్య పన్నెండు గంటలు నిలబడలేను గానీ, షెడ్డుకు నడిచే వెళ్తాను.

నేను జగిత్యాల చేరేసరికి జనాజా పాడె సిద్ధంగా ఉంది. జెద్దా నుంచి అంత త్వరగా రాలేక భర్త ఫోన్‌లోనే చివరి చూపు చూశాడట. నేను గోడ పక్కన నిలబడ్డాను. మేడం అన్నగారు నన్ను గుర్తుపట్టి భుజం పట్టమన్నారు.

"నేను కుంటుత భాయ్. మీతోని అడుగు కలువది."

"ఆమె నడిపిచ్చిన మనిషివి. రా," అన్నారు.

జనాజా కట్టె భుజానికి ఆనింది. గల్లీ చివరిదాకా మోశాను. పెద్దరోడ్డు మీద అటుగా పోయే బస్సు ఆగింది. నాలుగడుగులు మోసినా పుణ్యమని డ్రైవరు దిగి, నా పక్కకు వచ్చి భుజం మార్చుకున్నాడు. నేను రోడ్డు వారన నిలబడిపోయాను. తలల మీదుగా జనాజా ముందుకు సాగిపోతోంది. మోసేవాళ్ల అడుగడుక్కీ కొంచెం ఇటు, కొంచెం అటు ఒరుగుతూ.