చెవిలో దూది

నా చెవి మీద నాకు పొగరుండేది. ఉండదా మరి? అనకాపల్లి దగ్గర పింగాణీ ఫ్యాక్టరీలో, కరెంటు స్తంభాలకి బిగించే ఇన్సులేటర్లని చెక్కసుత్తితో కొట్టి, మోతని బట్టి మంచీ చెడూ తేల్చడం నా పని. కరెంటు పరీక్ష ముందే అయిపోతుంది. ఆ తర్వాత చేతులు మారేటప్పుడు తగిలిన దెబ్బని పట్టుకునేది మేమే. ఓటికుండకి మోత ఎక్కువంటారు గానీ, మా దగ్గర మంచిదే ఖంగుమంటుంది. పగులున్నది మూలుగుతుంది. బాగున్నదాని మీద నా నంబరు పదకొండు ముద్ర వేస్తాను.

మా తమ్ముడు కె.కోటపాడు వైపు లైన్‌మన్. "పదకొండు కనబడితే సాలప్పా, దేవుడికి దండం ఎట్టుకోకుండానే ఎక్కేత్తాను" అని వేళాకోళమాడేవాడు. పైకి కసిరేదాన్ని గానీ, లోపల మహా గర్వం.

ఆ రోజు పొద్దున్నే కుడిచెవి పోటు. అమ్మ చేపల గంప ఎత్తుకోబోతున్నదల్లా ఆగి, వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోసి దూది కుక్కింది.

"దూది తియ్యకే. గాలి తగిలితే మళ్ళీ పోటొత్తాది."

ఈ వయసులో కూడా మా అమ్మ మాట కాదనే ధైర్యం నాకు లేదు. రెండో చెవి ఉందిగా అనుకున్నాను. మధ్యాహ్నం దాకా కొట్టినవన్నీ కాస్త మెత్తగా మోగాయి. అదీ దూది వల్లే అని సర్దుకుని ముద్రలు వేసుకుంటూ పోయాను.

అన్నానికి లేచినప్పుడు నూనె మెడ మీదికి కారుతోందని దూది తీసి పారేశాను. తిరిగొచ్చి, ముద్ర వేసి పక్కన పెట్టిన చివరిదాన్ని ఊరికే ఒకసారి కొట్టాను. మూలిగింది. మళ్ళీ కొట్టాను. అదే మూలుగు. దాని మీద నా పదకొండు నల్లగా నన్నే చూస్తోంది.

మిగతా సరుకంతా లారీ ఎక్కేసింది. టార్పాలిన్ కడుతున్నారు.

అబద్ధమెందుకు, నోరు మూసుకుందామనే అనిపించింది. ఎవరికి తెలుస్తుంది? అంతలో స్తంభం మీద మా తమ్ముడి చెయ్యి కళ్ళ ముందు కదిలింది. చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాకా పరుగెత్తాను.

మా సూపర్‌వైజరు సారుకి సంగతి చెప్పేసరికి మొహం ఎర్రబడింది. "పొద్దున్నుంచీ సెవిలో దూదెట్టుకుని సేసేవా? బుద్దుందా నీకు?"

"లేదు సార్. లారీ ఆపండి."

"ఆపితే నీ ఉద్యోగం ఉంటాదో లేదో నేను సెప్పలేను."

"పోతే పోనీండి సార్. ముందు ఆపండి."

ఆపారు. దించారు. నలుగురం కూర్చుని అన్నీ మళ్ళీ కొట్టాం. పొద్దు వాలేలోపు ఇంకో రెండు మూలిగాయి. సారు ఇనపసుత్తి తెచ్చి ఒకదాని మీద వేస్తే, పగులు వెంబడి రెండు చెక్కలైపోయింది. నంబరున్న చెక్క నా చేతిలో పెట్టాడు.

"రేపు రా. రెండు సెవులూ తెచ్చుకో."

తిట్టినా అంత సిగ్గుపడేదాన్ని కాదు.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు అన్నం తింటున్నాడు. కంచం పక్కన ఆ చెక్క పెట్టి జరిగిందంతా చెప్పాను. వాడు పదకొండు వైపు చూశాడు.

"మరి పాతియ్యో? అయ్యన్నీ సరిగ్గానే కొట్టేవు కదప్పా?"

"కొట్టేననే అనుకుంటన్నాన్రా."

నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున డ్యూటీకి బయలుదేరుతూ వాడు గుమ్మం దగ్గర ఆగాడు. చెప్పులు విప్పి లోపలికొచ్చి, దేవుడి పటానికి దండం పెట్టుకుని వెళ్ళాడు.