ఏటవాలు లేని ఊరు

"సూర్యాపేటల అయితే లారీని చెరువుకట్ట దిగేకాడ నిలబెడ్త. కోదాడల మిట్టమీద జాగ ఉన్నది. గీ మిర్యాలగూడలనే అన్నా, మిల్లు ముంగట నేలంత పళ్లెం లెక్క సాపు. గీడ ఇంజను ఆగిందంటే ఇగ నేను ఖతం."

మాట్లాడుతూనే ఈదయ్య లారీ చుట్టూ మళ్లీ తిరిగాడు. దసరా నాటి నుంచి దానికి స్టార్టరు పట్టడం లేదు. పల్లానికి నిలబెట్టి, జారుతుండగా గేరు వేసి ఇంజను లేపుతున్నాడు. సాపు నేల మీద మాత్రం ఇంజను ఆపడు. డీజిలు దండుగని మిల్లు సేఠుకు కోపం. ఈ పొద్దున బస్తాలు ఎక్కిస్తూ హమాలీ జంగయ్య ఆ చప్పుడు పడలేక ఇంజను ఆపేశాడు. నిండు బండిని తోయడం మా వల్ల కాదని హమాలీలంతా నీడకు చేరారు. పొద్దుగూకేలోగా స్టార్టరుతో లేవకపోతే లారీని బెజవాడ పాత ఇనుము వాళ్లకు అమ్మేస్తానని చెప్పి సేఠు ఇంటికి పోయాడు. బండి పోతే ఈదయ్య కొలువూ పోతుంది.

"బ్యాటరీ దిగిపోయిందేమో?" అన్నాను. మిల్లులో లెక్కలు రాసేది నేనే.

"గట్లయితే లైట్లు మసకబారాలె గదా. సూడు." లైట్లు వేసి స్టార్టరు మీట నొక్కాడు. లైట్లు తగ్గలేదు. లోపల టక్కుమని ఒక చప్పుడు, అంతే. "మోటరు గూడ ఇప్పి సూసిన. దాంట్ల ఏం తప్పు లేదు."

ఈ మనిషికి కూర్చోవడం రాదు. పెద్దవూర దిక్కు గొర్ల వెంట తిరిగిన నాడూ అంతేనట. యుద్ధంలో పట్టాళం లారీలు తోలి వచ్చాడు. రజాకార్ల గడబిడలో రోడ్లు మూతపడి ఇంట్లో ఉండాల్సివస్తే, బాగున్న ఎడ్లబండి చక్రాలే ఊడదీసి మళ్లీ బిగిస్తుండేవాడట. ఆయన భార్య రుక్కమ్మ చెప్పింది.

ఆమే ఇప్పుడు సద్దిమూట తెచ్చి నిలబడింది. "నాకు జెరమొస్తే గిట్ల సుట్టు తిరగలే ఈ మనిషి. దసరాకు ముందు మంచిగనే లేస్తుండె గదా. పండుగ జేసినంకనే అలిగింది."

"అలుగుడేంది? పెండ్లికొడుకు లెక్క తయారు జేసిన. ఇంజను, చాసీ, ఒక్క జాగ ఇడువకుంట రంగేసిన. వైర్లు ఇప్పి, వాటి కింద గూడ పూసి మల్ల బిగి..."

ఆగిపోయాడు. ఆయన కాళ్లూ ఆగాయి.

తర్వాత బండి కిందికి దూరాడు. ఇంజను నుంచి చాసీకి, అంటే లారీ అడుగు చట్రానికి, ఒక లావు తీగ ఉంటుంది. స్టార్టరు తిప్పిన కరెంటు వెనక్కి పోయే దారి అదే. ఆ తీగ బిగించిన చోట, బోల్టు కింద దట్టంగా ఎర్రరంగు, కరెంటుకు అడ్డంగా. ఆయుధపూజకు అందరూ పనిముట్లు కడిగి బొట్టు పెడతారు. ఈదయ్య బొట్టుతో ఆగలేదు.

బ్యాటరీ వైరు విప్పి, ఆకురాయితో ఇనుము తెల్లగా తేలేదాకా గీకాడు. అన్నీ మళ్లీ బిగించి సీటెక్కాడు. మీట నొక్కగానే స్టార్టరు గిర్రున తిరిగింది. ఇంజను దగ్గి, నల్లపొగ కక్కి, అందుకుంది.

"ఇగ దిగి తిను," అంది రుక్కమ్మ.

దిగలేదు. "ఒకసారి ఆపి మళ్లీ లేపి చూడరాదా?" అన్నాను.

ఈదయ్య స్టీరింగు వదల్లేదు. "ఆపబుద్ధి అయితలేదన్నా. నువ్వు జర సేఠు ఇంటిదాక పోయి పిల్సుకరా. ఆయన ముంగటనే ఆప్త, ఆయన ముంగటనే లేపుత. బెజవాడోళ్లు వచ్చి ఉంటే వాళ్లను గూడ తోల్కరా."